టింబక్టు సమాధుల మట్టిపూత: ఊక ఎంత కలపాలి?

మట్టి కట్టడాల మరమ్మతు తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. మాలిలోని టింబక్టులో 2012లో అన్సార్ దీన్ అనే ఇస్లామిస్టు ముఠా సాయుధులు సూఫీ సాధువుల సమాధులను షిర్క్ (దేవుడికి మరొకరిని సాటి చేసే పాపం) అంటూ గునపాలతో కూల్చారు. సిదీ యహ్యా మసీదు తలుపునూ విరగ్గొట్టారు (లోకాంతం దాకా తెరవకూడదని ఊరివాళ్లు నమ్మిన తలుపది!). యునెస్కో సాయంతో స్థానిక మేస్త్రీలే 2015 జులైకల్లా 14 సమాధులు మళ్లీ కట్టారు. పాత ఫొటోలు, మిగిలిన గోడల కొలతలు, పెద్ద మేస్త్రీల మాట, ఇవే వాళ్ల ప్లాను.

నా సందేహమంతా పూత దగ్గరే. అక్కడ దాన్ని బాంకో అంటారు: మట్టిలో ఊక లాంటివి కలిపి, నానబెట్టి, కాళ్లతో తొక్కుతారు. బంకమన్ను ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఇసుక ఎక్కువైతే గోరు తగిలినా రాలుతుంది. సిమెంటు పూస్తే మరీ చేటు, లోపలి చెమ్మ బయటికి రాక గోడ మెత్తబడి పెచ్చులు ఊడతాయి.

అడుగు చదరం నమూనా పలక మీద బంకమన్ను ఒక వంతు, ఇసుక రెండు వంతులు వేస్తే నెర్రెలు ఆగాయి. నీళ్లు చల్లితే మాత్రం అంచులు కరిగిపోతున్నాయి. ఈ పాళ్లకు ఊక ఎంత? ఎన్నాళ్లు నానాలి? కొత్త పూత పాత గోడను పట్టాలంటే తడిపితే సరిపోతుందా, గాట్లు కూడా పెట్టాలా?