చెట్టెక్కే చీమలను చంపాలా, ఆపాలా? – పిండినల్లి, పేనుబంక, మిత్రపురుగులపై చర్చ

నిమ్మతోట:
జామ, నిమ్మ చెట్లలో పిండినల్లికి (తెల్లటి మైనపు పొడి కప్పుకుని రసం పీల్చే పురుగు) దాన్ని తినే అక్షింతల పురుగులు వదిలినా అదుపులోకి రావడం లేదు. మొదళ్ల మీద చీమల బారు పగలంతా ఆగడం లేదు. పాదుల్లో చీమలమందు చల్లితే సరిపోతుందా?

బారుచూపు:
చల్లకండి. ముందు బారు పక్కన ఐదు నిమిషాలు కూర్చుని, కిందికి దిగే చీమల పొట్టలు చూడండి. పొట్ట ఉబ్బి, ఎండ పడితే లోపలి ద్రవం మెరుస్తుంటే అవి పైనుంచి తేనెబంక (రసం పీల్చే పురుగులు విసర్జించే తీపి ద్రవం) తెస్తున్నాయి. నోట పురుగు ముక్క కరుచుకుని దిగుతుంటే వేటకు వెళ్లొస్తున్నాయి. రెండో రకాన్ని కదిలించొద్దు.

మొదటి రకమైతే కొమ్మ మీద భూతద్దం పెట్టండి. చీమ మీసాలతో పేనుబంక (పిండినల్లిలాగే రసం పీల్చే చిన్న పురుగు) వీపును తడుతుంది, వెనక నుంచి చుక్క ఊరుతుంది, చీమ తాగేస్తుంది. చీమ లేని గుంపులో ఆ బంక ఆకుల మీదే పేరుకుని నల్లటి మసిబూజు పడుతుంది, పురుగులు కూడా అందులో కూరుకుపోతాయి. అంటే చీమ అక్కడ కావలి మాత్రమే కాదు, పారిశుద్ధ్యం కూడా చూస్తోంది. పిండినల్లిలో గుడ్డు పెట్టే సన్న కందిరీగ దాన్ని తడిమి చూసి, పొడిచి, గుడ్డు దించడానికి కొంతసేపు నిలబడాలి. చీమలు తిరిగే కొమ్మ మీద ఆ వ్యవధి దొరకదు. మీరు వదిలిన పురుగులు పనిచేయకపోవడానికి కారణం చాలావరకు ఇదే.

పాదులో మందు చల్లితే బయట తిరిగే చీమలే చస్తాయి, రాణి గూట్లోనే ఉంటుంది. పైగా పండుఈగ పురుగులు పండులోంచి జారి మట్టిలోకి దిగేటప్పుడు వాటిని ఎత్తుకుపోయేవి ఈ నేల చీమలే.

మొదలుపట్టీ:
చెట్టెక్కకుండా ఆపడమే పని. నేల నుంచి మోకాలెత్తున 10–15 సెం.మీ. వెడల్పు పట్టీ చుట్టి, దాని మీద జిగురు పూయాలి. బెరడుకు నేరుగా పూయకండి. లేత చెట్ల బెరడు దెబ్బతింటుంది. గ్రీజైతే ఎండకు కారి లోపలికి ఇంకుతుంది కూడా. బెరడు గరుకుగా ఉంటే పట్టీ కింద సందులుంటాయి, చీమలు అందులోంచే దూరిపోతాయి. ముందు దూది కుక్కి, పైన పట్టీ బిగించండి. పెరిగే చెట్టుకు పట్టీ కోసుకుపోకుండా రెండు మూడు నెలలకోసారి విప్పి కట్టాలి.

ఎక్కువగా తప్పేది ఇక్కడ కాదు. నేలకు తాకే కొమ్మలు, పాదులో ఎత్తుగా పెరిగిన గడ్డి, కాయల బరువుకు పెట్టిన ఊతకర్రలు, కొమ్మకు ఆనిన డ్రిప్ పైపు: వీటిలో ఒక్కటి మిగిలినా పట్టీ దండగ. కింది కొమ్మలు నేలకు రెండడుగుల పైకి కత్తిరించండి. వారానికోసారి జిగురు చూడండి. దుమ్ము, చచ్చిన చీమలు పేరుకుంటే మిగతావి వాటి మీదుగా నడిచి దాటేస్తాయి.

తీపిఎర:
పట్టీతో పాటు ఎర కూడా పెడితే మేలు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ యాసిడ్ పూర్తిగా కరిగించాలి. బోరిక్ యాసిడ్ 10 గ్రాములు దాటనివ్వొద్దు. డోసు పెరిగితే చీమ దారిలోనే చస్తుంది, లేదా ముట్టదు. అది బతికి గూటికి చేరి రాణికీ పిల్లలకీ పంచాలి, కాబట్టి ఫలితానికి వారాలు పడుతుంది. మూతకు 2–3 మి.మీ. రంధ్రాలు చేసిన డబ్బాలో దూది పెట్టి పోస్తే తేనెటీగలు దూరవు. మొదలు దగ్గర నీడలో, పిల్లలకూ పశువులకూ అందకుండా ఉంచండి. పులిస్తే మార్చండి. మిగిలింది పాదులో పారబోయొద్దు, అందులోని బోరాన్ ఎక్కువైతే చెట్టుకే చేటు.

ఎర కలిపే ముందు కాగితం మీద ఒక చుక్క పంచదార నీళ్లు, ఒక చుక్క నూనె వేసి అరగంట చూడండి. చీమలు నూనె చుట్టూ మూగితే ఈ తీపి ఎర వాటికి పనికిరాదు.

చంపకుండా కూడా ఒక దారి ఉంది. మొదలు దగ్గర ఉత్త పంచదార నీళ్లే పెడితే చీమలు పిండినల్లిని వదిలి అటు మళ్లుతాయి. ద్రాక్ష తోటల్లో ఈ పద్ధతిని ప్రయోగాల్లో పరీక్షించారు.

నిమ్మతోట:
అయితే అక్షింతల పురుగులను మళ్లీ ఎప్పుడు వదలాలి?

బారుచూపు:
పట్టీకి ఎగువన చెట్టు మీద చీమ కనిపించకుండా వారం గడిచాక, సాయంత్రం పూట. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ (ఒక రకం అక్షింతల పురుగు) పిల్లపురుగు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. ఆ కవచం వల్ల చీమల మధ్య కూడా కొంత తట్టుకుంటుంది. పని చేసేవాళ్లు దాన్ని పెద్ద పిండినల్లి అనుకుని నలిపేస్తుంటారు, జాగ్రత్త. నలిపే ముందు కదలిక చూడండి, చురుగ్గా నడిస్తే అది మనదే.

ఆకుగూడు:
చెట్టెక్కే చీమలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దండీ. నోట కరిచిన తమ పిల్లపురుగు పట్టుదారంతో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమ మామిడి, జీడిమామిడిలో కాపలాదారు. చైనాలో క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే గ్రంథంలోనే, నారింజ తోటల కోసం ఈ గూళ్లను సంచుల్లో అమ్మేవారని ఉంది. ఇవి నడిచిన కాయ మీద గుడ్డు పెట్టడానికి పండుఈగ వెనకాడుతుంది. జీడిమామిడిలో టీ దోమను (లేత చిగుళ్ల రసం పీల్చే పురుగు) కూడా తరుముతాయి.

నిలబెట్టాలంటే ఒకే కుటుంబానికి చెందిన చెట్ల మధ్య తాడు కట్టండి. వేరే కుటుంబం చెట్టుతో కొమ్మ కలిస్తే కత్తిరించండి, లేదంటే రెండూ కొట్టుకుని పలచబడతాయి. ఏవి ఒకే కుటుంబమో తెలియకపోతే రెండు చెట్ల మధ్య కర్ర ఆనించండి, కలబడితే వేరు. గూళ్లు తరలిస్తే రాణి ఉన్నది కూడా రావాలి. అది రాకపోతే కొన్ని నెలల్లో చీమలు కరిగిపోతాయి. కోత రోజున చేతులకు కట్టెల బూడిద రాసుకుంటే వాటి పట్టు జారుతుంది.

తీపిఎర:
కానీ అవి కూడా పొలుసు పురుగును (పొలుసులా అంటుకుని రసం పీల్చేది) తేనెబంక కోసం కాస్తాయి కదా?

ఆకుగూడు:
కాస్తాయి. పొలుసు పురుగు ముదిరిన తోటలో నేనైతే వీటిని పెట్టమనను.

చేనుగట్టు:
చేలల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. పత్తి ఆకు వెనక నడిఈనె మీద చిన్న తేనెగ్రంథి ఉంటుంది, చీమలు దానికోసం వచ్చి కాయతొలుచు పురుగు గుడ్లు కూడా తింటాయి. అదే చేలో పేనుబంక ఉంటే దాన్నీ కాస్తాయి. అమెరికాలోని పత్తి చేలల్లో ఎర్ర నిప్పుచీమ ఈ రెండు పనులూ చేస్తుంది. కాబట్టి పేనుబంక ఎంత ఉందో చూశాకే చీమ మంచిదో చెడ్డదో చెప్పాలి.

విత్తనాల విషయంలో నువ్వులు, పొగాకు, టమాటా నారుమడి జాగ్రత్త. చల్లి వదిలేస్తే రాత్రికే బారు కడతాయి. చల్లిన వెంటనే పలుచగా మట్టి కప్పి తడి ఇవ్వండి. కలుపు గింజల్లో ఇదే గుణం కలిసొస్తుంది. కోత అయ్యాక దుక్కి కొన్ని రోజులు ఆపితే, నేల మీద రాలిన గింజలను చీమలు ఏరుకుపోతాయి. వెంటనే దున్నితే ఆ గింజలు మట్టి లోపల దాక్కుంటాయి. ఆముదం మాత్రం తిరకాసు. గింజ మొన మీది బుడిపె కోసం చీమలు మోసుకుపోయి, బుడిపె తిని గింజ పారేస్తాయి. మరుసటేడు పుట్ట పక్కన మొలకలు కనిపిస్తే పీకేయాల్సిందే.