‘డెత్ ఆన్ ది నైల్’ (1978): హంతకులెవరో తెలిశాక కూడా చూడొచ్చా?

రెండో_ఆట
అందరికీ నమస్కారం. మా అమ్మకి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. పెళ్ళికి ముందు అద్దె పుస్తకాల షాపు నుంచి రోజుకొకటి తెచ్చుకుని, పొయ్యి మీద కూర మాడబెట్టుకుంటూ చదివిన మనిషి. అగాథా క్రిస్టీ నవలలోని నైలు ఓడ హత్య మీద 2022లో వచ్చిన కెన్నెత్ బ్రానా ‘డెత్ ఆన్ ది నైల్’ ఇద్దరం కలిసి చూశాం. సగంలోనే “ఈ నీళ్ళు నీళ్ళలా లేవురా” అనేసింది. ఇప్పుడు 1978 నాటి పాత సినిమా చూపిద్దామనుకుంటున్నా. కానీ హంతకులెవరో ఇద్దరికీ తెలిసిపోయింది. సినిమా చూస్తే 140 నిమిషాలు. గుట్టు తెలిశాక కూడా కూర్చోబెడుతుందా? చూసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బ్యాచిలర్
దాదాపు గంటదాకా శవమే పడదు బ్రో. నేను రెండుసార్లు నిద్రపోయా. రెండూ ఒకే రాత్రి.

పాతరీలు
అసలు తెలిశాకే చూడాలండీ. మొదటిసారి మన కళ్ళన్నీ తారల మీదే ఉంటాయి. ఉండవూ మరి! బెట్ డేవిస్, మ్యాగీ స్మిత్, ఏంజెలా లాన్స్‌బరీ, మియా ఫారో, డేవిడ్ నివెన్, జేన్ బర్కిన్, జార్జ్ కెనడీ... ఏ క్యాబిన్ తలుపు తెరుచుకున్నా లోపలి నుంచి ఒక పెద్ద పేరు బయటికొస్తుంది. 1974లో ‘మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్’ బాగా ఆడేసరికి, అదే నిర్మాతలు జాన్ బ్రాబోర్న్, రిచర్డ్ గుడ్‌విన్ రైలు దిగి ఓడెక్కారు. ఆ సినిమాలో క్రిస్టీ డిటెక్టివ్ పువారో వేషం వేసిన ఆల్బర్ట్ ఫిన్నీ మాత్రం ఎక్కలేదు. అంత మేకప్పు వేసుకుని ఈజిప్టు ఎండలో నిలబడటమా అని జంకాడంటారు. అలా పీటర్ ఉస్తినోవ్‌కి ఆ పాత్ర దక్కింది.

పుస్తకంలో పువారో పొట్టివాడు, గుడ్డులాంటి తల. ఉస్తినోవ్ భారీ మనిషి. పుస్తకం చదివి వచ్చినవాళ్ళకి మొదటి పది నిమిషాలు మింగుడుపడదు. నాకూ పడలేదు. తర్వాత అలవాటైపోయాడు. ఎంతగా అంటే, ఇంకెవరు వేసినా నాకిప్పుడు నకిలీ సరుకులా కనిపిస్తారు. దీని తర్వాత ఇంకో ఐదుసార్లు పువారోగా చేశాడు, అందులో మూడు టీవీ సినిమాలు.

స్క్రిప్టు ఆంథొనీ షాఫర్, సంగీతం ‘గాడ్‌ఫాదర్’ నీనో రోటా, కెమెరా జాక్ కార్డిఫ్, దర్శకుడు జాన్ గిల్లర్మిన్. ఇంతమంది ఉండగా ఈ సినిమాకి ఆస్కార్ తెచ్చింది మాత్రం దుస్తులు చేసిన ఆంథొనీ పావెల్. న్యాయమే. బెట్ డేవిస్ దగ్గర నర్సుగా పడి ఉండే మ్యాగీ స్మిత్ వేసుకున్న మగ సూట్లు చూడండి. ఆ కొలువంటే ఆవిడకి ఎంత ఒళ్ళుమంటో నోరు విప్పకముందే తెలుస్తుంది.

క్రికెట్_నాని
ఆగండాగండి. బ్రాబోర్న్ అంటే ముంబైలో బ్రాబోర్న్ స్టేడియం ఉంది, ఆ బ్రాబోర్నేనా?

పాతరీలు
ఆ ఇంటివాడే. స్టేడియానికి పెట్టింది నిర్మాత తండ్రి పేరు, ఆయన బొంబాయి గవర్నర్‌గా చేశాడు. నిర్మాతేమో మన ఆఖరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్‌కి అల్లుడు. అందుకేనేమో, ఓడ మీద దొరల మర్యాదలు అంత తూచినట్టుంటాయి.

గుడ్డూభయ్యా_ఫ్యాన్
కొత్తదాంట్లో మన అలీ ఫజల్ ఉన్నాడు, అదొక్కటి చాలు నాకు. పాతదాంట్లో మనవాళ్ళెవరూ లేరు కదా?

సత్యవతి_కాకినాడ
ఎందుకు లేరు నాయనా? కర్నాక్ ఓడ మేనేజరుగా వేసింది ఐ.ఎస్. జోహర్. ‘జానీ మేరా నామ్’లో మూడు వేషాలు వేసి నవ్వించాడు చూడు, ఆయనే. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో కూడా ఉన్నాడు. మా వారు, నేను దీన్ని చూస్తూ “అరే, జోహర్!” అని ఒకేసారి అరిచాం. ఆయన తెర మీదికి వచ్చినప్పుడల్లా హడావుడే.

తూర్పుగాలి
నాకైతే ఆ పాత్ర నచ్చలేదు మేడమ్. జోహర్ తప్పు కాదు, రాసినవాళ్ళది. ఓడలో దొరలందరికీ పగలూ, రహస్యాలూ, గతాలూ ఉంటాయి. నల్లవాడికి మాత్రం వంకర ఇంగ్లిష్, వంగి వంగి దండాలు. ఈజిప్టులో తీసిన సినిమాలో ఈజిప్టు మనిషి ఒక్కడైనా కథలో ఉన్నాడా?

సత్యవతి_కాకినాడ
అది నిజమే బాబూ. నవ్వు ఆగాక నాకూ కాస్త గుచ్చుకుంది.

నైలు_మీద_నాలుగురోజులు
సినిమా పిచ్చితోనే 2019లో మేం ఈజిప్టు వెళ్ళాం. లక్సర్ నుంచి అస్వాన్ దాకా ఓడలో. నా అనుభవం చెబుతా, కాస్త పొడుగు.

ఏజెన్సీవాడు “కిటికీ తీస్తే నైలే సార్” అని ఎక్స్‌ట్రా డబ్బు తీసుకున్నాడు. పేరు వద్దులెండి. రాత్రయ్యాక రేవులో ఓడల్ని ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్టేస్తారని వాడు చెప్పలేదు. పొద్దున్నే కర్టెన్ లాగితే రెండడుగుల దూరంలో పక్క ఓడ కిటికీ, అందులో బనీను మీదున్న ఒక పెద్దాయన పళ్ళు తోముకుంటూ నన్ను చూస్తున్నాడు. ఇద్దరం మర్యాదగా తలలూపుకుని కర్టెన్లు మూసేసుకున్నాం. సినిమాలో కర్నాక్ ఏ గట్టున ఆగినా ఒక్కటే ఓడ, చుట్టూ ఖాళీ నది. ఈ రోజుల్లో ఆ ఖాళీ దొరకదు.

ఎస్నా దగ్గర లాకు ఉంటుంది, మన గోదావరి కాలవల లాకుల్లాంటిదే కానీ పెద్దది. ఓడ అక్కడ ఆగితే చిన్న పడవల్లో బట్టల వ్యాపారులు చుట్టుముడతారు. దుప్పట్లు, గలబియాలు (అక్కడి పొడుగు చొక్కాలు) ప్లాస్టిక్ కవర్లో చుట్టి నాలుగో అంతస్తు డెక్ మీదికి గురి తప్పకుండా విసురుతారు. నచ్చితే అదే కవర్లో డబ్బు పెట్టి కిందికి విసరాలి, నచ్చకపోతే సరుకే విసరాలి. మా ఆవిడ విసిరింది నీళ్ళలో పడింది. దానికీ డబ్బిచ్చాం.

ఇక సినిమా సంగతి. ఓడ పేరు కర్నాక్, రాయి పడే సీను కర్నాక్ గుడిలో. ఆ గుడి లక్సర్‌లో, అంటే అస్వాన్‌కి దిగువన. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కదా, అందుకని మ్యాపులో పైనున్నది దిగువ అవుతుంది. అబూ సింబెల్ గుడి ఏమో అస్వాన్‌కి ఎగువన, ఆనకట్టకి అవతల. సినిమాలో రెండూ ఒకే ప్రయాణంలో వచ్చేస్తాయి. మేం అబూ సింబెల్ చూడటానికి ఓడ దిగి, తెల్లవారుజామున 4 గంటలకి బస్సెక్కి, ఎడారిలో 280 కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది.

ఇంకొకటి. కథ 1930ల్లో జరుగుతుంది. కానీ సినిమాలో మనం చూసే అబూ సింబెల్ ఆ కాలంలో ఉన్నచోట లేదు. అస్వాన్ హై డ్యామ్ నీళ్ళలో మునిగిపోతుందని 1964-68 మధ్య గుడిని ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి తీసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టారు. మన నాగార్జునకొండ కట్టడాల్ని సాగర్ నీళ్ళ నుంచి తప్పించినట్టు. ఆ విగ్రహాల కాళ్ళ దగ్గర నిలబడి కోత గీతల కోసం వెతికాను. గైడు చూపిస్తే గానీ కనపడలేదు.

రెండో_ఆట
బాగుందండీ! అమ్మకి చదివి వినిపించా. బనీను పెద్దాయన దగ్గర బాగా నవ్వింది. అయితే ఓడ నిజమైనదేనా? కొత్తదాని నీళ్ళ మీద ఆవిడకి అనుమానం పోలేదు.

నైలు_మీద_నాలుగురోజులు
అమ్మగారి కన్ను గొప్పది. కొత్తదాన్ని ఈజిప్టులో తీయలేదు. ఓడ ఇంగ్లండ్‌లో లాంగ్‌క్రాస్ స్టూడియోలో కట్టిన సెట్టు, కొంత మొరాకోలో తీశారు. పాతదానికి మెమ్నాన్ అనే నిజమైన పాత స్టీమరు వాడారు. ఏడు వారాలు ఈజిప్టులోనే ఉన్నారు. మధ్యాహ్నం నిలబడలేని ఎండ కాబట్టి తెల్లారగట్ల 4 గంటలకే మేకప్పు మొదలెట్టేవారట. గదుల లోపలి సీన్లు మటుకు ఇంగ్లండ్ పైన్‌వుడ్‌లో.

పుస్తకాలపురుగు
నా గోల కూడా వినండి. 1937 నాటి నవల చదివినవాళ్ళకి ఇందులో సగం ఓడ ఖాళీ. టిమ్ అల్లర్టన్, వాళ్ళమ్మ, కొర్నేలియా ఎవ్వరూ లేరు. టిమ్ ముత్యాల దొంగతనం కథంతా ఎగిరిపోయింది. పైగా మిగిలిన ప్రతివాళ్ళకీ ఆ హత్యకు గురయ్యే లిన్నెట్ మీదే కక్ష పెట్టారు. ఒకావిడ పరువు నష్టం కేసులో ఇరుక్కుంది, ఒకావిడ తండ్రిని లిన్నెట్ తండ్రి ముంచాడు, డాక్టరుకి క్లినిక్ గొడవ, లాయరుకి లెక్కల గొడవ. పగ చూసి టిక్కెట్లు అమ్మారా ఏంటి!

(‘పోయిరో’ అని చదివేవాణ్ణి ఇంటర్ దాకా. మా లెక్చరర్ నవ్వారు. ఇప్పటికీ మనసులో పోయిరోనే.)

డిటెక్టివ్_బాబాయ్
పుస్తకాలపురుగు గారూ, నవలకి 300 పేజీలుంటాయి, సినిమాకి రెండుంపావు గంటలు. ఓడ బరువు తగ్గించక తప్పదు.

అసలు ప్రశ్నకొస్తున్నా. సినిమా చూడనివాళ్ళు నా పోస్టు ఇక్కడే ఆపేయండి, గుట్టు మొత్తం విప్పుతున్నా.

లిన్నెట్ భర్త సైమన్, అతని పాత ప్రియురాలు జాకీ విడిపోయినట్టు నాటకం. సెలూన్‌లో (ఓడలో అందరూ కూర్చునే హాలు) జాకీ కాల్చినప్పుడు సైమన్‌కి గుండు తగల్లేదు, రుమాలు మీది ఎర్ర రంగే రక్తం. అందరూ ఏడుస్తున్న జాకీని పట్టుకుని పోతారు. ఆ కొద్ది నిమిషాల్లో సైమన్ పరుగెత్తి భార్యని చంపి, తిరిగొచ్చి, చప్పుడు రాకుండా శాలువా అడ్డుపెట్టి తన కాలిని తనే కాల్చుకుంటాడు. ఇది మీకు తెలుసు. తెలిసి చూస్తే ఏం దొరుకుతుందో చెబుతా.

పనిమనిషి లూయీజ్‌ని పువారో ప్రశ్నించే సీను. “నాకు నిద్ర పట్టకపోయి ఉంటే, నేను బయటికొచ్చి ఉంటే, హంతకుణ్ణి చూసేదాన్నేమో” అన్న ధోరణిలో మాట్లాడుతుంది. సూటిగా చెప్పొచ్చు కదా, ఈ ‘ఉంటే’లేమిటి అని మొదటిసారి విసుక్కున్నా. రెండోసారి చూస్తే ఒళ్ళు జలదరించింది. అదే గదిలో కాలికి కట్టుతో సైమన్ పడుకుని ఉన్నాడు! ఆవిడ మాట పువారోతో, బేరం సైమన్‌తో. అతను ఓదార్చినట్టుగా ఇచ్చే జవాబు ఆ బేరానికి ఒప్పుకోలు. మనందరి ముందే లంచం కుదిరిపోయింది, మనకి తెలీలేదు.

లాన్స్‌బరీ గారు హంతకుణ్ణి చూశానని ఊరిస్తూ చెప్పే సీన్లో సైమన్ గొంతు ఎంత పెద్దదవుతుందో కూడా వినండి. అది ఆవేశం కాదు, బయట ఉన్నవాళ్ళకి కబురు.

తూర్పుగాలి
బాబాయ్, మరి ప్రతి అనుమానితుడూ లిన్నెట్‌ని కాల్చినట్టు పువారో ఊహించి చెబుతుంటే తెర మీద అది నిజంగా జరిగినట్టే చూపిస్తారు కదా. అది ప్రేక్షకుణ్ణి మోసం చేయడం కాదా? నాకైతే మూడోసారికి బోర్ కొట్టింది.

డిటెక్టివ్_బాబాయ్
మోసం కాదు. ఊహ అని ముందే చెబుతున్నాడుగా. కాకపోతే బోర్ సంగతి ఒప్పుకుంటా, రెండు మూడు ఊహలు తగ్గించొచ్చు.

సత్యవతి_కాకినాడ
పాము సీను ఎవరూ చెప్పలేదేం? బాత్రూంలో పువారో ఎదురుగా నాగుపాము పడగ విప్పితే, కదలకుండా గోడ మీద వేళ్ళతో తట్టి పక్క గదిలోని డేవిడ్ నివెన్‌ని పిలుస్తాడు. ఆయన కత్తితో వచ్చేదాకా నేను ఊపిరి పీల్చలేదు. ఇంకో తమాషా, ఉస్తినోవ్ మొదటి భార్య లాన్స్‌బరీకి అక్క వరస. ఒకప్పటి బావా మరదళ్ళలాంటి వాళ్ళన్నమాట. రెండేళ్ళకి అదే నిర్మాతల సినిమాలో ఆవిడ క్రిస్టీ ఇంకో డిటెక్టివ్ మిస్ మార్పుల్ వేషం కూడా వేసింది.

రెండో_ఆట
ఆదివారం మధ్యాహ్నం చూశామండీ. భోజనాలయ్యాక మొదలుపెట్టాం, మధ్యలో టీకి ఒక్కసారి ఆపాం.

మొదటి గంట నేను ఫోన్ చూసుకున్నాననే ఒప్పుకుంటా. అమ్మ కదల్లేదు. ఊహల సీన్లు వచ్చినప్పుడు “వంకాయలు పుచ్చేమో అని ఒక్కోటీ తిప్పి చూసినట్టు చూస్తున్నాడు ఈయన” అంది. బెట్ డేవిస్ చూపు ముత్యాల మీద పడినప్పుడల్లా మా పెద్దత్త పేరు తలుచుకుంది, అది ఇక్కడ రాయను.

లూయీజ్ సీను నేను బాబాయ్ చెప్పినట్టే ఆపి చూపిద్దామనుకున్నా. ఈలోపే అమ్మ ఇంకోటి పట్టింది. సెలూన్‌లో జాకీ కాల్చి, తుపాకి కింద పడేసి, దాన్ని కాలితో సోఫా కిందికి నెట్టింది. “ఆగు, వెనక్కి పెట్టు” అంది. పెట్టాను. “అంత పూనకం వచ్చినదానికి తుపాకి ఎక్కడుండాలో ఎలా గుర్తుందిరా?” అంది. మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు చూశాం. కొత్తదాని మీద ఒక్క ప్రశ్న కూడా వేయని మనిషి.

ఇప్పుడు ఉస్తినోవ్‌దే ‘ఈవిల్ అండర్ ది సన్’ (1982) చూద్దామంటోంది. దాంట్లో హంతకుడెవరో ఇద్దరికీ తెలీదు. దయచేసి ఎవరూ చెప్పకండి.

బెజవాడ_బ్యాచిలర్
నేను చెప్పను బ్రో. అదీ నిద్రపోయా.