శాంక్షన్ అంటే మంజూరా, శిక్షా?

హన్మకొండలో మా తమ్ముడు గ్రూప్-2కి చదువుతున్నాడు. నిన్న రాత్రి ఇంగ్లిష్ పేపర్ ముందేసుకుని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. ఇరాన్ చమురు మోస్తున్న ట్యాంకర్లను అమెరికా 'శాంక్షన్' చేసిందని ఉంది అక్కడ. వాడు నోట్‌బుక్‌లో "ట్యాంకర్లు మంజూరు చేసింది" అని రాసుకుని, పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి, "అన్నా, ఆ రెండు దేశాలకు పడదు గదా, మళ్ల ట్యాంకర్లు ఎందుకు మంజూరు చేసింది?" అని అడిగాడు. అడిగినందుకు నాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే తెలిసిన మాటే కదా అని దాటేసి పోయేవాళ్లే ఎక్కువ, పరీక్షలో దెబ్బతినేది కూడా సరిగ్గా అట్లాంటి మాటల దగ్గరే.

వాడిది తప్పని నేను అనను. ఆ మాట మన ఇళ్లలోకి వచ్చిందే మంజూరు అనే అర్థంతో. మా అమ్మకు ఇంగ్లిష్ అక్షరం రాదు, కానీ శాంక్షన్ అంటే ఏంటో బాగా తెలుసు. మహిళా సంఘం లోన్‌కి కాగితాలు పెట్టిన రోజు నుంచి "శాంక్షనైందా బిడ్డా?" అని రోజూ అడిగేది. చివరికి వచ్చిన ఆ కాగితం, కింద ఊదా రంగు ముద్ర ఉన్నది, ఇప్పటికీ పట్టాదారు పాస్‌బుక్ నడుమ మడత పెట్టి దాచింది. లోను శాంక్షన్, పింఛన్ శాంక్షన్, ఊరికి రోడ్డు శాంక్షన్, కాలేజీకి పోస్టులు శాంక్షన్. ఇన్నేళ్లుగా మంచి కబురుతోనే చెవిలో పడ్డ మాట ఒక్కసారి శిక్ష అంటే మనసు ఎట్లా ఒప్పుకుంటుంది?

కానీ రెండూ నిజమే. పోల్చుకోవడానికి నేను తమ్ముడికి చెప్పింది ఇది: ఎక్కువగా ఏకవచనంలో, ఫలానా వారి శాంక్షన్ లేకుండా చేయకూడదు అన్నట్టు వస్తే అనుమతి. శాంక్షన్స్ అని బహువచనంలో వచ్చి, ఒక దేశం మీదనో కంపెనీ మీదనో అని ఉంటే ఆంక్షలు. చిక్కంతా క్రియగా వాడినప్పుడే. ప్రభుత్వం పోస్టులను శాంక్షన్ చేసింది అంటే ఇచ్చింది, అమెరికా ఆ ఓడను శాంక్షన్ చేసింది అంటే దాని మీద ఆంక్షలు పెట్టింది. వాక్యం కట్టు రెండింటికీ ఒక్కటే, కాబట్టి ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో అన్నది చూడకుండా అర్థం రాసుకోవద్దు.

మరి ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు ఎట్లా వచ్చాయి? దీని మూలం లాటిన్. పవిత్రం చేయడం, కట్టుదిట్టంగా ఖాయం చేయడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. సెయింట్ అనే మాటదీ అదే కుదురు, మన పాకాల, ఏటూరునాగారం అడవుల బోర్డుల మీద కనిపించే శాంక్చువరీదీ అదే. చట్టాన్ని ఖాయం చేయడం ఒక ఎత్తు, దాన్ని మీరినవాడికి ఇంత శిక్ష అని పెట్టడం ఇంకో ఎత్తు. శిక్ష లేకపోతే చట్టం నిలబడదు కాబట్టి ఆ శిక్షకు కూడా ఇదే మాట వాడారు. అక్కడి నుంచి దేశాల దాకా పోయింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దాడి చేస్తే నానాజాతి సమితి పెట్టిన ఆర్థిక ఆంక్షలను కూడా శాంక్షన్స్ అనే అన్నారు.

ఇదంతా చెప్పినా తమ్ముడి ముఖంలో తేటపడలేదు. అప్పుడు మా ఊరి సంగతి గుర్తు చేశాను. చెరువు నీళ్ల గురించి ఊరంతా కూర్చుని ఒక కట్టుబాటు చేసుకుంటారు, అందరూ ఒప్పుకుంటారు. అదే కూర్చున్న చోట, మీరినవాడు ఇంత దండుగ కట్టాలె అని కూడా అనుకుంటారు. ఒప్పుకోవడమూ దండుగా ఒక్క మాటలోనే ఉన్నాయి కదా! "అంటే శాంక్షన్‌లో కట్టుబాటూ ఉంది, దండుగా ఉంది" అన్నాడు వాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

మంజూరు సంగతి కూడా ఒక్క ముక్క. అది అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకు అలవాటైంది. నజర్ అంటే చూపు, మంజూర్ అంటే చూడబడినది, దాని నుంచే ఒప్పుకున్నది అని. మన నోట్లో నానే "వాడి నజర్ పడ్డది" అనే మాటకూ, లోన్ మంజూరుకూ వేరు ఒకటే అని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఒక అక్క కింద కామెంట్లలో అడిగారు, "అధికారి మీద కేసు పెట్టడానికి శాంక్షన్ ఇచ్చారు అని పేపర్లో వస్తుంది, అది శిక్షేనా?" అని. కాదక్కా. అది అనుమతే. విధి నిర్వహణలో చేసిన పనికి కొందరు ప్రభుత్వోద్యోగుల మీద కోర్టు కేసు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వం ఒప్పుకోవాలి. నేర విచారణ ఎట్లా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్పీసీలో అది 197వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 218. ఆ ఉద్యోగికి అది చెడ్డ కబురే కానీ మాటకు అర్థం మాత్రం మంజూరే. గ్రూప్స్ రాసేవాళ్లు ఈ ఒక్క వాడుక విడిగా రాసిపెట్టుకోండి. ఓవర్‌సైట్ కూడా ఇట్లాంటిదే, పర్యవేక్షణ అనీ వస్తుంది, పొరపాటు అనీ వస్తుంది. దాని గురించి ఇంకోసారి.

తమ్ముడు ప్రశ్న గుర్తు చెరిపేసి "ట్యాంకర్ల మీద ఆంక్షలు విధించింది" అని రాసుకున్నాడు. నాకు మాత్రం దండుగ మీదనే మనసు పోతోంది. మా దిక్కు దండుగ అంటే జరిమానా, ఉత్తగ పోయిన ఖర్చు అని కూడా. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వాళ్లు ఊరి జరిమానాను ఏమంటారో, మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి రాయండి.