గిర్ సింహం వేరే ఉపజాతేనా? మార్కు పోయింది, ఎవరైనా తేల్చండి

మధు_గ్రూప్స్
నిన్న మా కోచింగ్ సెంటర్ మాక్ టెస్టులో గిర్ అడవి సింహం శాస్త్రీయ నామం అడిగారు. పాంథెరా లియో లియో అని పెట్టాను. కీలో పాంథెరా లియో పర్సికా అని ఇచ్చారు. మార్కు పోయింది, పైగా నెగెటివ్ పడింది. 2017లో పేరు మారిందని చదివే అలా పెట్టాను. సార్‌కి చెబితే "పుస్తకంలో ఏముంటే అదే" అని పంపించేశారు. ఇంతకీ మన సింహం, ఆఫ్రికా సింహం వేరువేరు ఉపజాతులా, కాదా?

సౌరాష్ట్ర_తెలుగోడు
కీ కరెక్టే తమ్ముడూ. నేను 14 ఏళ్లుగా రాజ్‌కోట్‌లో ఉంటున్నాను, చలికాలం వస్తే గిర్ అడవి పక్కనున్న సాసణ్ వెళ్లకుండా ఉండను. పోయిన డిసెంబర్‌లో ఒక మగది మా జీపు ముందు నుంచే దారి దాటింది. జూలు పలచగా ఉంది, చెవులు రెండూ బయటికి కనబడుతున్నాయి. నడుస్తుంటే పొట్ట కింద పొడుగునా చర్మం మడత ఒకటి అటూ ఇటూ ఊగుతోంది. మోచేతుల దగ్గర వెంట్రుకలు, తోక చివర పెద్ద కుచ్చు. ఆఫ్రికా సింహం ఫొటో పక్కన పెట్టి చూడు, చిన్నపిల్లాడికైనా తేడా తెలుస్తుంది.

బయాలజీ_టీచర్_ఖమ్మం
కంటికి కనబడే తేడాలు నిజమే. ఉపజాతి అనడానికి అవి సరిపోవు. ముఖ్యంగా జూలు. టాంజానియాలో, జంతు ప్రదర్శనశాలల్లో చేసిన పరిశీలనల్లో తేలిందేమిటంటే చలి ఎక్కువున్న చోట జూలు ఒత్తుగా పెరుగుతుంది, వేడిలో పలచబడుతుంది. కెన్యాలోని సావోలో చాలా మగ సింహాలకు జూలే సరిగా ఉండదు. 1898లో రైల్వే కూలీలను చంపిన రెండూ అలాంటివే, ఇప్పుడు షికాగో మ్యూజియంలో ఉన్నాయి. జూలు చూసి ఉపజాతులు చేసుకుంటూ పోవడం వల్లే ఒకప్పుడు జాబితా 11 దాకా వెళ్లింది.

డీఎన్‌ఏ చూశాక కథ మారింది. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ పిల్లి జాతుల నిపుణుల బృందం రెండే ఉంచింది. పశ్చిమ, మధ్య, ఉత్తర ఆఫ్రికా సింహాలూ మన గిర్ సింహాలూ కలిపి లియో లియో. తూర్పు, దక్షిణ ఆఫ్రికావి లియో మెలనోకైటా. ఇథియోపియా ప్రాంతంలో రెండూ కలుస్తాయి. అంటే పశ్చిమాఫ్రికాలోని బెనిన్‌లో తిరిగే సింహానికి దక్షిణాఫ్రికా క్రూగర్ సింహం కన్నా మన గిర్ సింహమే దగ్గరి చుట్టం. పేరు సంగతికొస్తే, లిన్నేయస్ 1758లో లియో అని పెట్టాడు, పర్సికా 1826లో వచ్చింది. ఒకే గుంపు అన్నాక పాత పేరే నిలుస్తుంది. మధు పెట్టిందే సరైన జవాబు.

కిరణ్_బెజవాడ
హైదరాబాద్ జూలో ఉన్నవి ఏవి మరి?

బయాలజీ_టీచర్_ఖమ్మం
ఆసియావే. 2021 మేలో ఎనిమిదింటికి కోవిడ్ వచ్చిందని వార్తల్లో చూసే ఉంటారు, అవే.

సౌరాష్ట్ర_తెలుగోడు
టీచర్ గారూ, జూలు వదిలేయండి. పొట్ట మడత మాటేమిటి? దానికి జవాబు రాలేదు.

బయాలజీ_టీచర్_ఖమ్మం
గిర్‌లో దాదాపు అన్నిటికీ ఉంటుంది. ఆఫ్రికాలో అరుదు కానీ అసలు లేకపోలేదు. కొద్ది సింహాలే మిగిలి, వాటిలో అవే జతకడితే ఒక లక్షణం అందరికీ అంటుకుంటుంది. అది కొత్త ఉపజాతి కాదు, గిర్‌లో ఒకప్పుడు సింహాలు ఎంత తగ్గిపోయాయో చెప్పే గుర్తు.

సౌరాష్ట్ర_తెలుగోడు
"దాదాపు అన్నిటికీ" అని మీరే ఒప్పుకున్నారు. పుర్రె కూడా చూడండి. కంటి కింద నరం వెళ్లే రంధ్రం గిర్ సింహాల్లో చాలావాటికి రెండుగా చీలి ఉంటుంది. నడవడికా వేరే. ఇక్కడ మగవి ఆడవాటి గుంపుతో కలిసి బతకవు. జతకట్టేటప్పుడో, పెద్ద వేట దొరికినప్పుడో తప్ప విడిగానే తిరుగుతాయి. టాంజానియాలోని సెరెంగెటిలో అలా కాదు. ఒంట్లో తేడా, ఎముకలో తేడా, కాపురంలో తేడా. ఇంకేం కావాలి మీకు?

బయాలజీ_టీచర్_ఖమ్మం
ఇక్కడ వేట ఎక్కువగా చుక్కల దుప్పి. చిన్న జంతువు, పెద్ద గుంపుకి చాలదు. నడవడిక తిండిని బట్టి మారుతుంది. ఉత్తర, దక్షిణ శాఖలు విడిపోయింది సుమారు 70,000 ఏళ్ల కిందట. అసలు గీత అక్కడుంది, అరేబియా సముద్రం దగ్గర కాదు.

మధు_గ్రూప్స్
మేడమ్, అయితే మెయిన్ ఎగ్జామ్‌లో ఏది పెట్టాలి? టెన్షన్‌గా ఉంది.

పద్మజ_డాలస్
అమెరికా జూలలో ఆసియా సింహాలని ఏళ్లతరబడి పెంచినవాటిలో ఆఫ్రికా రక్తం కలిసిందని 1980లలో బయటపడింది. ఆ ప్రోగ్రామే ఆపేశారు.

సౌరాష్ట్ర_తెలుగోడు
చూశారా! తేడా లేకపోతే ఎందుకు ఆపుతారు? మీరేమో ఖమ్మంలో కూర్చుని రెండూ ఒకటే అంటారు. రేపు ఎవడో ఆఫ్రికా నుంచి నాలుగు తెచ్చి గిర్‌లో వదిలి, ఒకటే కదా అంటాడు. వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం సైటీస్‌లో భారత సింహాలు ఒకటో అనుబంధంలో ఉన్నాయి, ఆఫ్రికావి రెండోదాంట్లో. ఆ కాస్త అడ్డు కూడా పోవాలా?

బయాలజీ_టీచర్_ఖమ్మం
ఖమ్మంలో కూర్చుంటే చదవకూడదా? రెండూ ఒకటే అని నేనెక్కడా అనలేదు, గీత వేరేచోట ఉందన్నాను. తేడా ఉందని మీరు పట్టుబట్టేది రక్షణ కోసమే అయితే 2013 సంగతి చెప్పండి. గిర్ సింహాలు కొన్నిటిని ఆరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని కూనోకి పంపమని ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతకు చాలా ముందే ఆ సింహాల కోసమని 24 ఊళ్లను ఖాళీ చేయించారు. ఎక్కువమంది సహరియా గిరిజనులు. సింహం ఒక్కటీ రాలేదు. 2022 సెప్టెంబర్‌లో అదే కూనోలో నమీబియా చీతాలను దింపారు. ఇరాన్‌లో మిగిలిన ఆసియా చీతా వేరే ఉపజాతి. అప్పుడు ఉపజాతి ఎవరికీ గుర్తుకు రాలేదు. మీకు కావలసింది ఉపజాతి కాదు సార్, సింహం గుజరాత్ దాటకపోవడం.

కిరణ్_బెజవాడ
ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది.

సౌరాష్ట్ర_తెలుగోడు
అవును, దాటకూడదు. దాచుకునేదేం లేదు. వాటిని బతికించింది ఇక్కడి మనుషులు. గేదెను లాక్కెళ్లినా విషం పెట్టని పశువుల కాపరులు, మాల్‌ధారీలు. సింహాన్ని 'సావజ్' అంటారు, ఇంట్లో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. నేనొకసారి వాళ్ల గూడెంలో, అదే నెస్‌లో రాత్రి ఉన్నాను. ముళ్లకంచె అవతల గర్జన వినిపిస్తే ఇంటి పెద్దావిడ పాలు పితకడం ఆపలేదు. 2020లో 674 సింహాలు, 2025లో 891. ఈ లెక్క కాగితం మీద పేర్లు మార్చినందుకు పెరగలేదు. కూనోలో ఈ మనుషులున్నారా?

బయాలజీ_టీచర్_ఖమ్మం
ఉన్నవాళ్లనే కదా ఖాళీ చేయించారు.

మాల్‌ధారీల మీద నాకూ గౌరవమే. 2018లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ వచ్చి గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోయాయి. 1994లో అదే వైరస్ సెరెంగెటిలో మూడో వంతు సింహాలను తీసుకెళ్లింది. అక్కడ మిగిలినవి చాలా ఉన్నాయి, తేరుకున్నాయి. మనవన్నీ ఒక్క సౌరాష్ట్రలోనే. అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టి, మాకంటే బాగా ఎవరూ చూసుకోలేరంటే రోగం వింటుందా? సింహాలు చచ్చిపోయాక పర్సికా అనే పేరు మిగిలితే ఎవరికి కావాలి?

జూ_కీపర్_కొడుకు
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. పైన "ఆఫ్రికా రక్తం కలిసింది" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

1998లో సర్కస్‌లో సింహాల ఆట నిషేధించారు, 2001లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. ఆ జంతువుల కోసం పునరావాస కేంద్రాలు పెట్టారు. అలాంటి ఒకదానిలో మా నాన్న పనిచేశారు. సర్కస్‌వాళ్లు ఆఫ్రికావీ మనవీ కలిపి పెంచారు కాబట్టి అవన్నీ సంకరమే. మగవాటికి వేసెక్టమీ చేశారు. పిల్లలు పుట్టకూడదు, ఉన్నవి పోయేదాకా చూసుకోవాలి. నియమం సరైనదే కావచ్చు, నేను కాదనను.

లారీ మీద బోను దిగినప్పుడు ఒక ఆడది మట్టి మీద కాలు పెట్టలేదు. పుట్టినప్పటి నుంచీ ఇనుప పలక మీదే ఉంది. తలుపు తీసిపెట్టినా బోనులోనే మూడు రోజులు పడుకుంది. నాన్న రోజూ మాంసం ముక్క జానెడు జానెడు ముందుకు జరుపుతూ వచ్చారు. నాలుగోరోజు బయటికొచ్చింది. వచ్చి బోను కొలతలోనే గుండ్రంగా తిరిగేది, ఎదురుగా అంత ఖాళీ స్థలం ఉన్నా. ఒక్కొక్కటీ పోతుంటే నాన్న ఇంట్లో అన్నం ముట్టేవారు కాదు. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం "ఇవి అసలువి కాదట కదా" అని వెళ్లిపోయేవారు. మీ ఇద్దరి మాటల్లో నాకు అదే వినిపించింది.

బయాలజీ_టీచర్_ఖమ్మం
ఆ కోణంలో నేను ఆలోచించలేదండీ. అడవికి పంపేవాటిలో కలపకూడదన్నది నేనిప్పటికీ నమ్ముతాను. మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి.

మధూ, ప్రశ్నలో "ఐయూసీఎన్ 2017 ప్రకారం" అని ఉంటే లియో లియో. అలా లేకపోతే పర్సికా పెట్టు. నాకు ఇష్టం లేకపోయినా చెబుతున్నాను, నీ మార్కు పోకూడదు.

సౌరాష్ట్ర_తెలుగోడు
కూనో విషయంలో నా మాట మారదు.

బాబూ, మీ నాన్నగారు చూసిన వాటికి పొట్ట మడత ఉండేదా?

జూ_కీపర్_కొడుకు
కొన్నిటికి ఉండేది. ఆ మట్టి మీద కాలు పెట్టనిదానికి బాగా కనబడేది, ముసలిదయ్యాక ఇంకా వేలాడింది.

సౌరాష్ట్ర_తెలుగోడు
ఫొటో ఉంటే పెట్టండి. చూడాలని ఉంది.