కళ్లమే లేని కాలంలో వరికోత గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

ప్రశ్న (బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి):
మా అపార్టుమెంటులోని తెలుగువాళ్లం ఏటా సంక్రాంతికి ముగ్గులు వేసి గొబ్బెమ్మలు పెడతాం. ఈసారి పిల్లలకు వరికోత గురించి చెప్పే పని నాకు అప్పగించారు. మాది తెనాలి దగ్గర పల్లె. అయితే చాలా ఏళ్లుగా మా చేలో కోత యంత్రమే దిగుతోంది, ధాన్యం అటునుంచి అటే ట్రాక్టరులోకి పోతోంది కనుక కళ్లం నాకే సరిగా గుర్తు లేదు. ఆనాటి ఆచారాల్లో పని కోసం పుట్టినవేవో, పండుగ ముచ్చటగా చేరినవేవో చెప్పగలరా?

జవాబు (మల్లేశ్వరం నుంచి):
రెండింటినీ విడదీయడం కష్టమండీ. గింజలో ఇరవై నుంచి పాతిక శాతం తేమ ఉండగానే వరి కోతకు వస్తుంది, నిల్వ చేయాలంటే అది 14 శాతంలోపు దిగాలి. కోసిన వరిని పనలుగా పరిచి ఎండబెట్టడం, కట్టలు కట్టి కుప్ప వేయడం, పేడతో అలికిన కళ్లంలో ఎద్దులను వరుసగా బంతి కట్టి తొక్కించడం, గాలివాటు చూసి తూర్పారబట్టడం, ఇదంతా అయ్యేసరికి పుష్యమాసం వచ్చేది. ధాన్యం కుంచంతో కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, ఆ తర్వాత రెండు, మూడు అనేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మా తాతగారు జవాబివ్వరు. లెక్క తప్పిందనిపిస్తే కుంచం రాశిలో బోర్లించి మళ్లీ ‘లాభం’ అంటారు. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి ఏడాది పనికిగాను ఇవ్వవలసిన మేరలు ఆ రాశి నుంచే వెళ్లేవి. చేలో రాలిన పరిగ ఏరుకునేవారిని ఎవరూ అదిలించేవారు కాదు. హరిదాసూ గంగిరెద్దులవారూ ఆ నెలలోనే గడపలోకి రావడం ఎందుకో పిల్లలకు అక్కడినుంచి చెప్పండి: అప్పుడే కదా ఇంట్లో ధాన్యం ఉండేది!

జవాబు (బసవనగుడి నుంచి):
మాది అనంతపురం వైపు, మాకు కోత అంటే బుడ్డలే, అంటే వేరుశనగే. కాయ ఒలిస్తే పెంకు లోపలివైపు నల్లబారి కనిపించాలి, అప్పుడే కట్టె పీకుతాం. వాన లేక నేల గట్టిపడితే గుంటక తోలక తప్పదు. పిల్లలను కార్తికమాసం చివరి సోమవారం మా పేటలో జరిగే కడలెకాయి పరిషెకు, అంటే వేరుశనగ తిరునాళ్లకు, తీసుకురండి. చేలను పాడుచేస్తున్న బసవన్నకు తొలి పంట సమర్పిస్తామని రైతులు మొక్కుకున్నారన్న కథ మీద సాగే తిరునాళ్లది. అక్కడ అమ్మే ముసలివాళ్లలో కొందరు తెలుగులోనే బేరమాడతారు.

జవాబు (హొసూరు రోడ్డు నుంచి):
యంత్రాన్ని మాత్రం విలన్‌గా చూపించకండి. కూలీలు దొరకక, పనల మీద తుఫాను పడి గింజ మొలకెత్తడం చూసి చూసి రైతు దానికి మారాడు. చిక్కల్లా ఏమిటంటే, యంత్రం గింజను పచ్చిగానే ఇచ్చేస్తుంది. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదు కనుక ఇప్పుడు కళ్లం తారురోడ్డు మీదికి వచ్చింది. ఆ సంగతీ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. యంత్రం తిరగడానికి మూలలు ఎలాగూ చేత్తోనే కోయాలి కనుక, ఆ పనల్లో నాలుగు దాచి ఉంచమని నాన్నగారికి చెప్పాను. పిచ్చుకల కోసం చూరుకు కట్టే కంకుల కుచ్చు అల్లడం ఇక్కడ ఎవరికైనా వచ్చా?