పద్దెనిమిది రోజులైనా తడి చెత్త కుప్ప వేడెక్కడం లేదు

గాలి ఆడని చెత్తదిబ్బల్లో కుళ్లి మీథేన్‌ను వదిలే తడి వ్యర్థాలను ఎరువుగా మార్చి అమ్మితే నేలకు మేలూ మాకు ఉపాధీ కలుగుతాయన్న నమ్మకంతో ఆరుగురు యువతీయువకులం ఈ పని మొదలుపెట్టాం. అయితే 55 డిగ్రీల సెల్సియస్ దాటవలసిన కుప్ప, 18 రోజులైనా 38 దగ్గరే ఆగిపోయి, ఘాటైన అమోనియా వాసన వేస్తోంది. కుప్ప ఎత్తు 70 సెంటీమీటర్లు. ఎండుటాకులను తడి చెత్తతో సమాన పరిమాణంలో కలిపాం, మూడు రోజులకోసారి తిరగేశాం. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలుతున్నందున తేమ సరిపోయిందనే అనుకుంటున్నాం. నత్రజని ఎక్కువైందన్న అనుమానంతో, కర్బన నత్రజని నిష్పత్తిని 30:1కి దగ్గరగా తేవాలని రెండుసార్లు రంపపు పొట్టు కలిపినా మార్పు రాలేదు. ఈ వాసనతో ఎరువును ఎవరూ కొనరు. ఇటువంటి కుప్పను నడిపిన అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా: ముందుగా కుప్ప ఎత్తు పెంచాలా, తిరగేయడం తగ్గించాలా?