యెజ్డీ, జావా, పాత బుల్లెట్ మోటారు సైకిళ్ళు నడిపినవాళ్ళు ఉన్నారా ఇక్కడ?

గోదారి గట్టు:
మొన్న ఊరెళ్ళి కొట్టంలో గోనెపట్టాలు తీస్తే నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్ బయటపడిందండీ, ట్యాంకు మీద దుమ్ము తుడుస్తుంటే కళ్ళు చెమర్చాయి. 1986లో నేను బండి నేర్చుకుంది దాని మీదే. ఎడమ పక్క గేరు రాడ్డే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డయ్యేది కదా, మా అబ్బాయి నేను చూపించేదాకా నమ్మలేదు. రాజమండ్రి నుంచి కొవ్వూరు రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద వెళ్తుంటే కింద రైలు, పైన మా రెండు సైలెన్సర్ల డబడబ, నాన్న వెనక కూర్చుని భుజం మీద చెయ్యేసి "క్లచ్చు మెల్లగా వదలరా" అనేవారు. యెజ్డీలు తయారుచేసే మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడినా ఆయన మాత్రం 2004 దాకా నడిపారు. ఇప్పుడు దాన్ని మళ్ళీ స్టార్ట్ చేయించాలి, ముందు ఏం చూడాలో చెప్పండి, మీ పాత బళ్ళ సంగతులు కూడా.

ఓరుగల్లు:
అన్నా, ముందుగాల కిక్కు కొట్టకు. ప్లగ్గు ఇప్పి సిలిండర్ల కొద్దిగ ఆయిల్ పోసి ఓ రాత్రి ఉంచు, పిస్టన్ పట్టేసి ఉంటే వదుల్తది. ట్యాంకుల తుప్పు కడిగించు, ఇంజిన్ల ఉండే రబ్బరు క్రాంక్ సీళ్లు మార్పియ్యి, అవి ఎండిపోతే ఇంజిన్ గేర్‌బాక్స్ ఆయిల్ గుంజి తెల్ల పొగ కొడ్తది. మాది 250 జావా. లీటరు పెట్రోలుకు 40 ఎం.ఎల్. ఆయిల్ ట్యాంకుల పోసి, కలవాలని బండిని అటిటు ఊపేటోళ్లం, నేను ఎక్కువ పోసిన రోజు ములుగు పోయే తొవ్వల ప్లగ్గుకు మసి పట్టేది, చెట్టు కింద కూసొని ఎమరీ పేపర్‌తోని గీకేటోన్ని. అంగి జేబుల ఎప్పుడూ ఇంకో ప్లగ్గు ఉండాల్సిందే. ఆ మసి వాసన ఇప్పటికీ యాదికుంది.

గుంటూరు బాబాయ్:
మాది బుల్లెట్ అండీ, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. కరెంటు చూపించే యాంపియర్ మీటర్ ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా తొక్కి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలించే డీకంప్రెషన్ లివర్ నొక్కి ఇంకాస్త దించి, అప్పుడు లివర్ వదిలేసి గట్టిగా కొట్టాలి. ఒకసారి తొందరపడ్డా, పిక్క మీద మచ్చ ఇంకా ఉంది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ పట్టుచీరతో ఓ పక్కకి కూర్చుంటే అమరావతి గుడికి తీసుకెళ్ళా. ఇప్పటికీ వీధిలో పాత బుల్లెట్ వెళ్తే నాకన్నా ముందు తనే కిటికీ దగ్గరికొస్తుంది.

గోదారి గట్టు:
ఓరుగల్లు తమ్ముడూ, ప్లగ్గు విప్పి ఆయిల్ పోశా, పొద్దున చూస్తే కిక్కు రాడ్డు కాస్త కదిలింది! పక్క డబ్బా తెరిస్తే మసిగుడ్డలో చుట్టి నాన్న దాచిన కొత్త ప్లగ్గు దొరికింది. అదే బిగిస్తా.